ఇదే అక్కడ చెప్పొచ్చుగా!

పోయిన నెల మా సూపరింటెండెంట్ గారి రిటైర్మెంట్ ఫంక్షన్‌లో నేను మాట్లాడాను. మాట్లాడానని ఫంక్షన్ చేసినవాళ్లు అంటారు గానీ జరిగింది వేరు. మైకు దగ్గరికి వెళ్లాను. “అందరికీ నమస్కారం” అన్నాను. “సార్ గురించి ఎంత చెప్పినా తక్కువే” అన్నాను. ఆ తర్వాత నిజంగానే చాలా తక్కువ చెప్పి వచ్చి కూర్చున్నాను. మొత్తం నిమిషంన్నర. అందులో అరనిమిషం మైకు స్టాండు కిందికి దించడానికే పోయింది.

ముందురోజు సెక్షన్లో కుర్రాడొకడు వచ్చి, “మేడమ్, మీరు సార్ దగ్గర 14 ఏళ్లు చేశారు, రెండు ముక్కలు మాట్లాడాలి” అన్నప్పుడే కడుపులో తిప్పడం మొదలైంది. ఈ ‘రెండు ముక్కలు’ అన్నమాటే మోసం. ఎవరూ రెండు ముక్కలు మాట్లాడరు, ఎవరూ రెండు ముక్కలతో ఊరుకోనివ్వరు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కాగితం పెట్టుకుని నాలుగు మంచి మాటలు రాసుకున్నాను: సౌమ్యుడు, నిగర్వి, మృదుభాషి, కార్యదక్షుడు. ఒక్కోదానికి ఒక్కో వాక్యం అల్లుకుంటే గట్టెక్కుతానని ధైర్యం.

వక్తలు 11 మంది. నాది తొమ్మిదో నంబరు. మొదటాయన సౌమ్యుణ్ణి పట్టుకుపోయాడు. మూడో ఆయన నిగర్వినీ మృదుభాషినీ ఒకే ఊపులో వాడేశాడు. ఏడో వక్త, ఆడిట్ నుంచి వచ్చినాయన, “కార్యదక్షుడు” అనేసరికి నా సంచీ ఖాళీ. చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది. చీర చెంగు పిడికిట్లో నలిపేస్తున్నానని పక్కనావిడ చెబితే గానీ నాకు తెలియలేదు. అప్పుడే పిలిచారు.

శాలువాలూ దండలూ ఫొటోలూ అయ్యాక భోజనాల దగ్గర నలుగురం ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాం. ఎవరో సార్ చాదస్తం గురించి ఎత్తారు. “చాదస్తమంటే గుర్తొచ్చింది” అని నేను అందుకున్నాను. పదేళ్ల కిందటి మాట. సగం పద్దులు ఇంకా చేత్తోనే రాసే రోజులు. మార్చి 31 రాత్రి. లెక్కలు ముగించాలి, 54 రూపాయలు తేడా వస్తోంది. పదైంది, పదిన్నరైంది. మాలో ఒకతను విసుగెత్తి జేబులోంచి 54 రూపాయలు తీసి బల్ల మీద పెట్టి, “సార్, ఇది నా తరఫున వేసుకోండి, ఇళ్లకి పోదాం” అన్నాడు. సార్ ఆ డబ్బు వంక చూడనైనా చూడలేదు. “డబ్బు లేక కాదు నాయనా, తేడా దొరక్క. 54 తొమ్మిదితో పోతుందా?” అన్నారు. పోతుంది సార్ అన్నాం. “అయితే ఎవరో పక్కపక్క అంకెలు తిరగేసి రాశారు. అవే చూడండి” అన్నారు. 11.40కి దొరికింది. వోచర్లో 2,871, లెడ్జర్లో 2,817. ఆ పేజీ ముందు సార్ చేతికే వెళ్లింది. ఆయన చూశారు, ఎర్రసిరాతో కొట్టి సరిచేశారు, పక్కన పొట్టి సంతకం పెట్టారు, పుస్తకం మూసేశారు. “దొరికింది. పదండి, స్టేషన్ దగ్గర ఇడ్లీ ఉంటుంది.” ఆ చేతిరాత ఎవరిదో ఆయన అనలేదు, ఎవరూ అడగలేదు. అది నాది.

చెప్పడం అయ్యేసరికి నలుగురు కాస్తా పదిమందయ్యారు. అవతల పెరుగు వడ్డించే అబ్బాయి కూడా గరిటె పట్టుకుని వింటున్నాడు. ఎప్పుడో రిటైరైన మా పాత టైపిస్టు, పెద్దావిడ, నా భుజం మీద ఒకటి వేసి అంది: “ఏమ్మా, ఇదే అక్కడ చెప్పొచ్చుగా!”

ఆ మాట నన్ను నెలరోజులుగా నిద్రపోనివ్వడం లేదు. అదే హాలు, అదే మనుషులు, అదే నేను. మధ్యలో గడిచింది ముప్పావుగంట. జనమంటే భయం అనుకుందామా? భోజనాల దగ్గర ఉన్నదీ ఆ జనమే. నలభయ్యేళ్లుగా దీన్ని సభాపిరికితనం అని నాకు నేను సర్ది చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ పేరు మీదే అనుమానం. నా భయంలో చాలా భాగం జనం వల్ల వచ్చింది కాదని, జనం ముందు నాది కాని తెలుగులో, నాది కాని మాటలు అప్పజెప్పాల్సి రావడం వల్ల వచ్చిందని నా వాదన. దీనికి అడ్డొచ్చే సంగతులు లేకపోలేదు. వాటి దగ్గరికీ వస్తాను.

గౌరవనీయులు

ఏడో తరగతిలో, ఆగస్టు 15కి, మా తెలుగు మాస్టారు నాకొక ఉపన్యాసం రాసిచ్చారు. పేజీన్నర. “గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు” అని మొదలు. వారంపాటు బట్టీ పట్టాను. నిద్రలో లేపినా చెప్పేదాన్ని. ఆ వేళ జెండా ఎగిరింది, నా వంతు వచ్చింది, గౌరవనీయులతో మొదలుపెట్టి మూడో వాక్యం దాకా రైలులా పోయాను. నాలుగో వాక్యంలో ‘దాస్య శృంఖలాలు’ ఉంది. శృంఖలం అంటే సంకెల అని అప్పటికి నాకు తెలియదు. నోరు తిరగని ఒక చప్పుడు అది, అంతే. ఆ చప్పుడు దగ్గర ఆగిపోయాను.

బట్టీతో వచ్చిన చిక్కేమిటంటే దానికి మధ్యలో తలుపులుండవు. క్యాసెట్టు లాగా మొదటికి తిప్పుకోవాల్సిందే. తిప్పాను. “గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి...” మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారి మొదలుపెట్టేసరికి వెనక వరసల్లో మగపిల్లలు నాతోపాటు కోరస్‌గా అందుకున్నారు. హెడ్మాస్టారు గారు నవ్వు ఆపుకుంటూ చప్పట్లు కొట్టించి కూర్చోబెట్టారు. పదో తరగతి దాటేదాకా నా పేరు గౌరవనీయులు. మా పెదనాన్న కొడుకు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈరోజుకీ నన్ను అలాగే పిలుస్తాడు.

తమాషా ఏమిటంటే ఆ వారంలోనే, మధ్యాహ్నం అన్నాల బెల్లులో, వేపచెట్టు కింద నేను సినిమా కథ చెబుతుంటే ఆరుగురు ఆడపిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవారు. పాటలతో, ఫైట్లతో సహా. మధ్యలో ఏదైనా సీను మర్చిపోతే “ఆగండే, అంతకుముందు ఇంకోటయింది” అని వెనక్కి వెళ్లి తెచ్చుకునేదాన్ని. ఎవరూ నవ్వలేదు, నాకూ గుండె దడదడలాడలేదు. ఆ కథకి మధ్యలో వంద తలుపులు. ఎటునుంచైనా దూరొచ్చు.

ఇది నా ఒక్కదాని బాధ కాదనుకుంటాను. మన బళ్లలో మాట్లాడటం నేర్పరు, అప్పజెప్పడం నేర్పుతారు. తర్వాత ఆ రెండూ ఒకటే అని మనమూ నమ్ముతాం. అప్పజెప్పలేకపోయిన పిల్లకి ‘మాట్లాడటం రాదు’ అని ముద్ర పడుతుంది. అది అక్కడితో పోదు, ఉద్యోగం దాకా వెంట వస్తుంది.

పద్యం మరి?

ఇక్కడ మా అన్నయ్య ఒక ప్రశ్న వేశాడు. “బట్టీయే శత్రువైతే, నాటకాల వాళ్లు వందల పద్యాలు కంఠతా పట్టి వేలమంది ముందు రాగం తీస్తారే, వాళ్లకెందుకు భయం లేదు? పైగా ‘ఒన్స్‌మోర్’ అంటే రెండోసారి కూడా పాడతారు.”

మంచి ప్రశ్నే. రెండ్రోజులు ఆలోచించాను. అదే ఏడో తరగతిలో నేను సుభాషితాలు కూడా బట్టీ పట్టాను. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యం, ‘ఆపదలందు ధైర్యగుణము’ అని మొదలయ్యేది, ఇవాళ అర్ధరాత్రి లేపినా చెప్పగలను. ఎందుకంటే అది ఉత్పలమాల. దానికి నడక ఉంది, పదో అక్షరం దగ్గర యతి ఉంది, పాదం మొదట్లో ప్రాస ఉంది. ‘ఆప’, ‘భూప’, ‘హాప’, ‘ఛాప’. మూడో పాదం మర్చిపోతే రెండో అక్షరం ‘ప’ అని ప్రాసే గుర్తుచేస్తుంది. మెట్లకి చేతిపట్టు ఉన్నట్టు. మా మాస్టారు రాసిచ్చిన వచనానికి యతీ లేదు, ప్రాసా లేదు, నా సొంత ఆలోచనా లేదు. చేతిపట్టు లేని మెట్లు చీకట్లో ఎక్కమన్నారన్నమాట. అవధాని సంగతీ అంతే. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని, అందులో ఒకరు పనిగట్టుకుని అప్రస్తుత ప్రసంగం చేస్తూ ఉంటే కూడా ఆయన ధార తెగదంటే, చేతిలో ఛందస్సు అనే పనిముట్టు, వెనక ఏళ్ల సాధన ఉన్నాయి. మైకు దగ్గరికి తోసేసిన నాలాంటిదాని దగ్గర ఈ రెండూ లేవు.

ఆ పద్యంతోనే నాకో పేచీ కూడా ఉంది. ఆపదలో ధైర్యం, సంపదలో ఓర్పు, రాజసభలో ‘పుష్కల వాక్చతురత్వము’, యుద్ధంలో భుజబలం, ఇవన్నీ సజ్జనులకి ప్రకృతిసిద్ధ గుణాలని చివర తేల్చేస్తుంది. పుట్టుకతో వచ్చేవి అని క్లాసులో అర్థం చెప్పారు. అంటే శృంఖలాల దగ్గర ఆగిపోయిన నేను సజ్జనుల జాబితాలో లేనట్టే గదా! పన్నెండేళ్ల పిల్లకి అది చిన్న తీర్పు కాదు. మాటకారితనం పుట్టుకతో వస్తుందన్న నమ్మకం చేసిన చెడు ఇంతా అంతా కాదు. వచ్చినవాడు సాధన మానేస్తాడు, రానివాడు ప్రయత్నం మానేస్తాడు.

మైకు తెలుగు

గిడుగు రామమూర్తి గారు 1863లో ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. నోటి భాషకి పుస్తకంలో చోటు కావాలని ఆయన దశాబ్దాల పాటు పోరాడారు, ఆయన పక్షమే గెలిచింది. పేపర్లు, కథలు, నేను రాస్తున్న ఈ వాక్యం కూడా ఆ గెలుపు చలవే. కానీ ఏటా ఆ దినోత్సవం సభకి వెళ్లి చూడండి. “వేదికను అలంకరించిన పెద్దలు”, “విచ్చేసిన”, “ఆసీనులైన”, “తెలియజేసుకుంటూ”, “సెలవు తీసుకుంటున్నాను”. ఇంట్లో ఎవరైనా “నేను కాఫీ సేవించుటకు విచ్చేసితిని” అంటే జ్వరమొచ్చిందేమో అని నుదురు పట్టుకు చూస్తాం. కాగితం మీద గెలిచిన వ్యవహారభాష మైకు ముందు మాత్రం ఇంకా చేతులు కట్టుకు నిలబడే ఉంది.

ఒక పూటకి ఆ తెలుగులోకి మారమంటే నాలుకకి కొత్త చెప్పులు తొడిగినట్టే. నడవొచ్చు, కానీ ధ్యాసంతా చెప్పుల మీదే ఉంటుంది. ఏం చెప్పాలా అన్న ఆలోచన ఒక పక్క, ఎలా అనాలా అన్న తంటా ఇంకో పక్క. రెండూ కలిసి మీద పడితే ఎవరికైనా నోరు ఎండుతుంది.

నేను కోస్తా దాన్ని, నాకే ఇంత ఉంటే, హైదరాబాద్‌లో పీజీ చేసేటప్పుడు నా క్లాస్‌మేట్ ఒకతనికి ఎంత ఉండేదో ఊహించండి. సిద్దిపేట వైపు నుంచి వచ్చాడు. క్యాంటీన్లో అతను మాట్లాడుతుంటే పక్క టేబుళ్ల వాళ్లు కుర్చీలు ఇటు జరుపుకునేవారు. సెమినార్‌లో లేస్తే మాత్రం రెండు వాక్యాలకోసారి ఆగిపోయేవాడు. ఏమైందిరా అంటే ఒకసారి చెప్పాడు: “నాకు ‘వచ్చిండు’ అని వస్తది. అది ‘వచ్చాడు’ చెయ్యాలె. మాట కంటే ముందుగాల యాసకు ఇస్త్రీ చెయ్యాలె. గా లోపల అసలు మాట ఎటో పోతది.” మేం నవ్వాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదటి నెలలో అతని ‘గట్లనా’ని అనుకరించి నవ్వించినవాళ్లలో నేనూ ఉన్నాను. అతని నోటికి తాళం వేసినవాళ్లలో నా చెయ్యీ ఉందన్నమాట.

తర్వాత అతను టీచరయ్యాడు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది గదా, ఆ రోజుల్లో వాళ్ల మండలంలో మైకు పట్టుకున్నాడట. ధూంధాం పాటల మధ్యలో ఇరవై నిమిషాలు మాట్లాడాడట. ఎలా మాట్లాడావురా అని ఫోన్లో అడిగాను. “చేతులు వణికినయ్. నోరు వణకలే” అన్నాడు. అక్కడ ఇస్త్రీ అక్కర్లేదు. బడిపలుకుల భాషకీ పలుకుబడుల భాషకీ కాళోజీ గీసిన గీత ఇదే. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం. గిడుగు వారి రోజుకీ ఆయన రోజుకీ మధ్య పట్టుమని రెండు వారాలు లేవు. రెండు చోట్లా సభలు జరుగుతాయి, రెండు చోట్లా పెద్దలు వేదికను అలంకరిస్తూనే ఉంటారు.

ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల గురించి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లకిది రోజూ పొద్దున్నే ఉన్న సంకటం.

గాంధీగారు నా పక్షమా, కాదా?

మాట పెగలని గొప్పవాళ్లలో అందరికీ గుర్తొచ్చేది గాంధీ. నా వాదనకి సాక్ష్యంగా నిలబెడదామని ఆయన ఆత్మకథ మళ్లీ తిరగేశాను. లండన్‌లో శాకాహారుల సంఘం కార్యవర్గంలో తన అభిప్రాయం రాసుకెళ్తే, దాన్ని వేరేవాళ్లు చదివిపెట్టాల్సి వచ్చింది. వెంట్నర్‌లో ఒక్క కాగితమంత ఉపన్యాసం చేతిలో ఉండి కూడా, కళ్లు మసకబారి ఒళ్లు వణికిపోతే, పక్కనున్న మజ్ముదార్ చదివారు. బాగుంది, పరాయి దేశం, పరాయి భాష, నా వాదన నిలిచింది అనుకున్నాను. కానీ అంతకుముందే, 1888లో ఇంగ్లండు బయల్దేరే ముందు, రాజ్‌కోట్‌లో తను చదివిన హైస్కూల్లో వీడ్కోలు సభ పెట్టారు. నాలుగు ముక్కలు కృతజ్ఞతలు రాసుకెళ్లారు. అక్కడా తల తిరిగింది, ఒళ్లంతా వణికింది. సొంత ప్రాంతం, సొంత బడి, ఎదురుగా తెలిసిన మొహాలు! నా వాదనకి చిల్లు పడింది.

బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు కథ తెలిసిందే. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచారు, గుండె జారింది, ఒక్క ప్రశ్నా రాలేదు, కూర్చుండిపోయారు. ఫీజు తిరిగిచ్చేశారు.

అదే మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల్ని కూర్చోబెట్టి, వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగ ఉపన్యాసం అదేనని ఆయనే చెప్పుకున్నారు. ఈసారి వణుకు లేదు. విషయం బాగా ఆలోచించుకుని వెళ్లారు. వ్యాపారంలో నిజం కుదరదు అనేవాళ్లతో ఆయనకి నిజంగానే పేచీ ఉంది. అక్కడున్నవాళ్లతో తనకి పని ఉంది. మైకూ సభా మర్యాదా కాదు, ఆ పని ముందుంది. అయినా బిడియం పూర్తిగా పోలేదని, అప్పటికప్పుడు లేచి మాట్లాడటం తనవల్ల కాదని కూడా రాశారు. ఆ బిడియమే మాటల పొదుపు నేర్పిందన్నారు.

కాబట్టి నా వాదనని కొంచెం సవరించుకోవాలి. భాష మనదైతే సరిపోదు. చెప్పాల్సిన ముక్క కూడా మనదై ఉండాలి, ఎదుటివాళ్లకి అది చెప్పి తీరాలన్న తొందర లోపల ఉండాలి. ‘సౌమ్యుడు’ అన్న మాట నాది కాదు. 54 రూపాయలు నావి.

ఇదంతా రాత్రి అన్నం తినేటప్పుడు మా ఆయనకి గొప్పగా వివరించాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ అన్నారు: “భాషా కాదు, బట్టీ కాదు. ఆ కథ మైకులో చెబితే తప్పు నీదని డైరెక్టర్ ముందు ఒప్పుకోవాలి. అందుకే నీకు గుర్తు రాలేదు.”

కాసేపు మాట్లాడలేదు నేను. నిజం లేకపోలేదు. పది మందికి చెప్పడానికీ రెండొందల మందికి చెప్పడానికీ తేడా ఉంది. మైకులో అన్నమాట రికార్డయిపోతుంది, ఎవరి ఫోన్లోనో ఉండిపోతుంది. సౌమ్యుడూ మృదుభాషీ లాంటి మాటలు అందుకే పుట్టాయేమో! వాటి వెనక మనం కనబడం. కానీ మా ఆయన మాటకి నా జవాబు కూడా ఉంది. దాక్కోవడానికి వెళ్లినప్పుడే కదా దొరికిపోతామన్న భయం ఎక్కువ?

ఒంటి సంగతి

ఇంతసేపూ భయాన్ని భాషతో కొలిచాను గానీ, ఒళ్లు కూడా ఒకటుంది. పేరు పిలవగానే అడ్రినలిన్ ఎగదన్నుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోట్లో తడి ఆరిపోతుంది, వేళ్ల చివర రక్తం తగ్గి చల్లబడతాయి. పులి ఎదురైతే పారిపోవడానికి పెట్టుకున్న ఏర్పాటు, రిటైర్మెంట్ ఫంక్షన్‌కి కూడా అదే వాడుతుంది. నా క్లాస్‌మేట్ చేతులు వణికాయంటే అందుకే. ఆ వణుకుని పూర్తిగా తీసేసే ఉపాయం ఏదీ నేను చూడలేదు. రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే చాలావరకు అదే సర్దుకుంటుంది. నా గోలేమిటంటే నిమిషంన్నరకే దిగి వచ్చేశాను.

జర్మనీలో ట్రియర్ విశ్వవిద్యాలయం వాళ్లు 1993లో ఒక పరీక్ష తయారుచేశారు. ప్రయోగశాలలో మనిషికి ఒత్తిడి తెప్పించి కొలవడం దాని పని. ఏం చేస్తారయ్యా అంటే, ఉపన్యాసం తయారు చేసుకోమని కొంచెం టైమిస్తారు, రాసుకున్న కాగితం వాడనివ్వరు, నవ్వని మొహాలతో కూర్చున్నవాళ్ల ముందు అయిదు నిమిషాలు మాట్లాడమంటారు. తర్వాత 1022 లోంచి 13 చొప్పున తీసేస్తూ పొమ్మంటారు. 1009, 996... తప్పు చెబితే మళ్లీ 1022 నుంచి మొదలుపెట్టాలి. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇది మా ఊరి హైస్కూల్లో నాకు ముందే పెట్టేశారు! తప్పిన ప్రతిసారీ ‘గౌరవనీయులైన’ దగ్గర్నుంచి. మనిషిని గ్యారంటీగా భయపెట్టాలంటే ఏమేం కావాలో శాస్త్రవేత్తలు కూర్చుని ఆలోచించి తేల్చినవాటిని మనం స్వాతంత్ర్య దినోత్సవం నాడు పిల్లలకి ఉత్తినే పంచుతున్నాం.

ఇంకో అధ్యయనం కాస్త ఊరటనిచ్చింది. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు 2003లో చూపించింది ఏమిటంటే, లోపల మనం పడే కంగారు అవతలివాళ్లకి మనం అనుకున్నంతగా కనబడదు. ఆ సంగతి ముందే చెప్పి పంపిస్తే వక్తలు మెరుగ్గా మాట్లాడారు కూడా. నిజమేనా అని మా కొలీగ్ ఫోన్లో ఉన్న నా వీడియో అడిగి తెప్పించుకుని చూశాను. వణుకు కనబడలేదు. గొంతు కూడా బాగానే ఉంది. కనబడిందల్లా చెప్పడానికి ఏమీ లేని ఒకావిడ.

మాత్రల మాట కూడా అనాలి. ప్రొప్రనొలాల్ అని గుండె దడ తగ్గించే మందు ఉంది. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది. వేదిక ఎక్కే ముందు అది వేసుకునే సంగీత విద్వాంసులు చాలా దేశాల్లో ఉన్నారు. ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రమాదం, కాబట్టి డాక్టర్ని అడక్కుండా పక్కింటివాళ్ల దగ్గర తీసుకుని మింగేది కాదు. అసలు నలుగురిలోకి వెళ్లడమే నరకంగా ఉండే మనుషులున్నారు. పెళ్లికి పోలేరు, ఫోనెత్తలేరు. అది జబ్బు, దానికి వైద్యం ఉంది. వాళ్లకి నా మైకు తెలుగు సిద్ధాంతం వినిపించడం కాలు విరిగినవాడికి నడక పాఠం చెప్పడమే. నేను మాట్లాడుతున్నది వేపచెట్టు కింద గడగడా మాట్లాడి, మైకు ముందు మూగబోయేవాళ్ల గురించి. మనలో వాళ్లే ఎక్కువని నా నమ్మకం.

ఫ్రిజ్ తేలింది

ఇంత తెలుసుకున్నాక ఊరుకోలేక, ప్రయోగం మా అమ్మాయి మీద చేశాను. ఎనిమిదో తరగతి. బళ్లో వక్తృత్వ పోటీ, పర్యావరణం మీద, మూడు నిమిషాలు. క్లాసులో చాలామంది ఫోన్లో తయారైన ఉపన్యాసం ప్రింటు తీసి బట్టీ మొదలుపెట్టారు. ఇదీ అడిగింది. వద్దన్నాను. “నువ్వు కళ్లారా చూసిందేదైనా చెప్పు” అన్నాను.

చాలాసేపు ఆలోచించి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో వాళ్ల పిన్నివాళ్ల ఇంటి సంగతి ఎత్తుకుంది. “నీళ్లొస్తే ఫ్రిజ్ మునిగిపోతుందనుకున్నాం, తేలింది. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ తలుపుకి అడ్డం పడింది. అందుకని పిన్నివాళ్లు తలుపు తెరవలేకపోయారు.” అలా మొదలుపెట్టి, వాగు దారిలో ఇళ్లెలా వచ్చాయని వాళ్ల తాతయ్యని అడిగి తెలుసుకున్నది చెప్పింది. ఇంట్లో నాలుగుసార్లు చెప్పించాను. నాలుగుసార్లూ నాలుగు రకాలుగా చెప్పింది. ఆ రకరకాలే నాకు ముచ్చటేసింది.

పోటీ రోజు నేను వెనక కూర్చున్నాను. మొదటి నిమిషం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక యూనిఫాం జేబులో ఒకటి దూర్చింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. నా గుండె నోట్లోకొచ్చింది. అది పైకి చూసి, “ఏం చెప్తున్నా? ఆ, తలుపు” అని మళ్లీ అందుకుంది. పిల్లలు నవ్వారు, కానీ అది ఎక్కిరింపు నవ్వు కాదు. ఫ్రిజ్ దగ్గరైతే వెనక వరసలు కూడా వంగి విన్నాయి. గౌరవనీయులైన ఎవరూ దానికి అడ్డం రాలేదు.

మొదటి బహుమతి ‘ప్రకృతి మాత ఒడిలో’ అని ఊపిరి తీసుకోకుండా మూడు నిమిషాలు చెప్పిన అబ్బాయికి వచ్చింది. ఒక్క తప్పు పోలేదు. వాడి కష్టం వాడిది, కాదనను. రెండు, మూడు కూడా అలాంటివాళ్లకే. మా అమ్మాయికి ఏమీ రాలేదు. మార్కుల కాగితం ఇంటికి తెచ్చింది. కింద ఎర్ర పెన్నుతో రాసుంది: “విషయం బాగుంది. మధ్యలో తడబాటు. ప్రారంభంలో సభా సంబోధన లేదు. 5 మార్కులు తగ్గించబడినవి.”

సోఫాలో కూర్చుని ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, అడిగింది: “అమ్మా, వచ్చేసారి ‘గౌరవనీయులైన’ అని పెట్టనా?”

“పెట్టు” అన్నాను. “ఊరికే అయిదు మార్కులెందుకు పోగొట్టుకోవడం? అది అయిపోగానే ఫ్రిజ్ దగ్గరికి వచ్చెయ్.”